అన్నం యెప్పుడు మైలపడింది?

"సార్, చెప్పొద్దన్నది మీరే. నేను చెప్పలేదు. యిప్పుడు మీరే చెప్పండి, నేను ఆడింది అబద్ధమా?"

2023 పెళ్ళిళ్ళ రోజుల్లో వొక రాత్రి మా యింటి అరుగు మీద కూచుని నా పాత విద్యార్థి అడిగిన ప్రశ్న యిది. నేను సాంఘికశాస్త్రం చెప్పే సర్కారు పంతుల్ని. 2012 డీయస్సీలో వుద్యోగం వచ్చింది. మా వంశంలో డిగ్రీ ముఖం చూసినవాణ్ణి నేనే మొదలు. ప్రతి సంవత్సరం పిల్లలకి రాజ్యాంగం పాఠం చెబుతాను. పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని బోర్డు మీద రాసి, కింద గీత గీసి, పరీక్షకు తప్పకుండా వస్తుందని కూడా చెబుతాను. అన్ని సమాధానాలు తెలిసిన ఆ పంతులు ఆ రాత్రి ఆ వొక్క ప్రశ్నకి నోరెత్తలేకపోయాడు. "ముందు అన్నం తినరా" అన్నాను. వాడు తినకుండానే వెళ్ళిపోయాడు. ఆ బాకీ తీర్చుకోవడానికే యిది రాస్తున్నాను.

వాడి పేరు రాయను. రాస్తే మళ్ళీ నష్టం వాడికే. చిన్నోడు అంటాను. వాడి పేరు రాయలేకపోవడం కూడా నేను చెప్పబోయే విషయంలో భాగమే.

మాది ప్రకాశం జిల్లాలో వొక మెట్ట వూరు. మా మాదిగపల్లె వూరికి దూరంగా చెరువు కట్ట కింద వుంటుంది. మా తాత తోలు పని చేశాడు. ఆయన కుట్టిన తోలు మోటలతోనే వూరి బావుల్లో నీళ్ళు తోడేవాళ్ళని మా నాయన చెప్పేవాడు. అమ్మ కూలికి పోయేది. నాట్లు, కలుపులు, కోతలు, మిరపకాయలు. పెద్దిళ్ళల్లో పెళ్ళయితే అంట్లు తోమడానికి కబురొచ్చేది. నేను మూడో నాలుగో చదివే రోజులు. అమ్మ వెంట నేనూ పోయేవాణ్ణి. దొడ్లో గాడిపొయ్యి తవ్వి అండాలతో వంటలు చేసేవాళ్ళు. అమ్మ బూడిదా చింతపండూ పెట్టి తోమిన గిన్నెల్ని బోర్లించి దూరం జరిగేది. ఆ యింటి మనిషొకామె వచ్చి వాటి మీద చెంబుతో నీళ్ళు చల్లి లోపలికి తీసుకుపోయేది. తళతళా మెరిసే గిన్నె మీద మళ్ళీ నీళ్ళెందుకో నాకు అర్థమయ్యేది కాదు. అందరి భోజనాలూ అయ్యి విస్తళ్ళు యెత్తినాక అండా అడుగున మిగిలింది మా తపేలాలో వేసేవాళ్ళు. గరిటె మా తపేలాకి తగలకుండా పైనుంచి వేసేవాళ్ళు.

ఆ పప్పు రుచి యిప్పటికీ నాలిక మీద వుంది. దాచుకోవడం యెందుకు, అది మహా రుచిగా వుండేది. కాలేజీకి వచ్చినాక ఆ రుచిని యిష్టపడినందుకు సిగ్గుపడ్డాను. ఆకలి మీదున్న పిల్లాడు దేనికి సిగ్గుపడాలి? సిగ్గుపడాల్సింది గరిటె పట్టుకున్నవాళ్ళు గదా.

వొక రాత్రి అమ్మని అడిగాను. "అమ్మా, వడ్లు కోసింది నువ్వే. తూర్పారబట్టింది నువ్వే. బియ్యంలో రాళ్ళు యేరింది కూడా నువ్వే. మరి నువ్వు వండితే వాళ్ళెందుకు తినరు?"

"వుడికినాక వేరే నాయనా" అంది అమ్మ.

యీ మాట నన్ను ముప్పై యేళ్ళు వెంటాడింది. వుడికినాక వేరే. మైల మా చేతుల్లో వుండేదే అయితే నారు పీకినప్పుడే అంటుకోవాలి. మా తాత తోలు మోటతో తోడిన నీళ్ళల్లోనే అంటుకోవాలి. వరి మోపు మా నెత్తిన వున్నప్పుడు అంటుకోవాలి. అక్కడ యెక్కడా అంటుకోలేదు. బియ్యం దాకా శుద్ధంగానే వున్నాయి. యెసట్లో పడి వుడికిన తర్వాతే మైల పుట్టింది. అంటే మైల చేతిలో లేదు, బియ్యంలో లేదు. మా కష్టం వాళ్ళకి యెక్కడిదాకా అవసరమో అక్కడిదాకా మేము అంటగలిగినవాళ్ళం. అవసరం తీరిన చోట అంటరానివాళ్ళం. గీత గీసింది దేవుడు కాదు, ధర్మం కాదు. లెక్క తెలిసినవాడు యెవడో గీశాడు.

ఇంకొక లెక్క కూడా వుంది. మాకు అన్నం పెట్టడం పుణ్యం. మా దగ్గర అన్నం తినడం పాపం. అన్నం అదే. పైనుంచి కిందికి పడితే పుణ్యమైంది, కిందినుంచి పైకి పోతే పాపమైంది. పెట్టే చేయి పైన వుంటుంది కాబట్టి పెట్టే హక్కు వాళ్ళు వుంచుకున్నారు. తీసుకునే పని మాకు వొదిలారు. మనిషికి అన్నం లేకపోవడం వొక అవమానం. తన అన్నం యింకొకరికి పెట్టే వీల్లేకపోవడం అంతకు మించిన అవమానం. మా అమ్మ బతుకంతా కూలి చేసింది గానీ మా పల్లె దాటి వొక్క మనిషికి భోజనం పెట్టలేదు.

చిన్నోడు 2016లో మా స్కూల్లో పదో తరగతి పాసయ్యాడు. వాళ్ళ నాయన లేడు. తల్లి కూలి. యింటర్ సగంలో ఆపేశాడు. తల్లి పనికి పోతే యింట్లో వంట చేసేది వాడే. వాడు చేసిన గోంగూర పచ్చడి తిని నేనే అన్నాను, "ఒరే, నీ చేతిలో పని వుందిరా" అని. కేంద్ర పర్యాటక శాఖ 2009-10లో మొదలుపెట్టిన హునర్ సే రోజ్‌గార్ తక్ అనే పథకం వుంది. హోటల్ మేనేజిమెంటు సంస్థల్లో వంటపని కొన్ని వారాలు వుచితంగా నేర్పిస్తారు. పెద్ద చదువు అక్కర్లేదు. 2018లో నేనే దరఖాస్తు నింపి పంపాను. సీటు వచ్చింది. తెల్ల కోటు, తెల్ల టోపీ పెట్టుకుని దిగిన ఫోటో పంపాడు. వాళ్ళమ్మ ఆ ఫోటో చూసి "డాకటేరు లాగున్నాడు సారూ" అంది.

సెలవుకి వచ్చినప్పుడల్లా వాడు నాకు పాఠం చెప్పేవాడు. కత్తి యెట్లా పట్టుకోవాలి, వేళ్ళు లోపలికి ముడిచి పెట్టి కూరగాయ యెట్లా కోయాలి. సన్న పుల్లల్లాగా కోస్తే జులియన్, వాటినే మళ్ళీ చిన్న చిన్న ముక్కలు చేస్తే బ్రున్వా. ఫ్రెంచి వంటలో అయిదు తల్లి సాసులు వుంటాయంట, మిగతావన్నీ వాటికి పుట్టిన పిల్లలంట. అన్నిటికన్నా ముందు స్టాక్ నేర్పించారంట. యెముకల్ని ఓవెన్లో యెర్రగా కాల్చాలి. వుల్లిగడ్డ, క్యారెట్టు వేయించి కలపాలి. చల్లటి నీళ్ళు పోసి సన్న సెగ మీద ఆరేడు గంటలు వుంచాలి. తెర్లనివ్వకూడదు. పైన తేలే తెట్టు తీసేస్తూ వుండాలి. వడగట్టాలి. ఆ నీళ్ళే వంటకి పునాది. ఫ్రెంచి వంటని వొక పద్ధతిలో పెట్టిన ఎస్కాఫియే 1903లో వేసిన పుస్తకం మొదలయ్యేదే సాసులతో, వాటికి ఆధారమైన స్టాకులతో.

నేను వాణ్ణి మా అమ్మ దగ్గరికి తీసుకుపోయి ఆ పాఠం మళ్ళీ చెప్పించాను. అమ్మ విని పడీ పడీ నవ్వింది. "బొక్కల చారుకి యింత చదువా నాయనా!" అంది. మా పల్లెలో చేసేది కూడా అదే. బొక్కల్ని నిప్పుల మీద కాల్చి, కుండలో వేసి, పొయ్యి సన్నంగా పెట్టి, తెట్టు తీసేస్తూ రాత్రంతా వుంచేవాళ్ళు. మాకు సెలెరీ ఆకు లేదు, కొత్తిమీర వుంది. అంతే తేడా. నవ్వి నవ్వి అమ్మ ఆగిపోయింది. "మరి మనం వండితే కంపన్నారు గదయ్యా" అంది.

ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. యెముకల నీళ్ళు తెల్ల కోటు వేసుకుని దొరల భాషలో పేరు పెట్టుకుంటే విద్య అయింది. మా కుండలో వుంటే కంపు అయింది. చిన్నోడి పుస్తకంలో దేశంలోని వంటల జాబితా వుంది. హైదరాబాదు వంట, అవధు వంట, చెట్టినాడు వంట అన్నీ వున్నాయి. నల్ల లేదు, తునకలు లేవు, చెరుగులు లేవు. మరాఠీలో షాహూ పటోళే మరాఠ్వాడా దళితుల వంటల మీద 2015లో వొక పుస్తకమే తెచ్చాడు. అట్లాంటివి వచ్చినాక తెలిసింది, మాకు వంట లేక కాదు, రాసేవాళ్ళు లేక జాబితాలోకి యెక్కలేదని.

కానీ ఆ చదువులో వొక గొప్ప సంగతి వుంది. దాన్ని తక్కువ చేయను. చిన్నోడికి మొదటి వారమే శుభ్రత పాఠం చెప్పారు. వండిన పదార్థాన్ని 5 డిగ్రీలకూ 63 డిగ్రీలకూ మధ్య యెక్కువసేపు వుంచితే క్రిములు పెరుగుతాయి. పచ్చి మాంసం కోసిన పలక మీద వండింది పెట్టకూడదు. గోళ్ళు తీసుకోవాలి. సబ్బుతో చేతులు కడగాలి. యిది ప్రతి చేతికీ వర్తిస్తుంది. కలెక్టరు చెయ్యయినా కడగాల్సిందే, కూలివాడి చెయ్యయినా కడిగితే చాలు. శుభ్రతకీ మడికీ వున్న తేడా యిదే. శుభ్రత కడిగితే వస్తుంది. మైల కడిగినా పోదు. కడిగితే పోయేది మురికి. యెన్ని తరాలు కడిగినా పోనిదాన్ని మురికి అనరు, దాని పేరు కులం. నీళ్ళు చల్లి గిన్నెలు లోపలికి తీసుకుపోయిన ఆ యింటామె చేసింది శుభ్రత కాదు. మా అమ్మ చేసింది శుభ్రత. చిన్నప్పుడు నాకు అర్థం కాని సంగతి పాతికేళ్ళ తర్వాత నా విద్యార్థి వంట పుస్తకంలో దొరికింది.

యిక నేను చేసిన పని చెప్పాలి.

కోర్సు అయిపోయినాక వాడు విజయవాడలో వొక హోటలు వంటగదిలో చేరాడు. చేరేముందు నా దగ్గరికి వచ్చాడు. నేను చెప్పిన మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి. "ఒరే, వంటపని. సున్నితమైన వ్యవహారం. యెవరూ అడక్కపోతే చెప్పబాక. అడిగినా చెప్పబాక."

యీ బుద్ధి నాకెక్కడిది? 2013లో మండల కేంద్రంలో అద్దె యిల్లు వెదుక్కున్నప్పుడు వచ్చింది. యింటి ఓనరు మర్యాదగా కుర్చీ వేశాడు. "మీరేమిట్లు?" అన్నాడు. "టీచర్ని సార్" అన్నాను. "అది కాదు మాస్టారూ" అన్నాడు. అప్పటికి మూడు యిళ్ళు పోయినాయి. నా భార్య కడుపుతో వుంది. నేను యింకొక కులం పేరు చెప్పాను. యిల్లు వచ్చింది. ఆ యింట్లో వున్న మూడేళ్ళూ అంబేద్కర్ ఫోటో ట్రంకు పెట్టె అడుగున చీరల కింద వుంది. ఏప్రిల్ 14న తలుపులు వేసుకుని తీసి దండం పెట్టుకుని మళ్ళీ లోపల పెట్టేవాళ్ళం. స్కూల్లో పదిహేడో అధికరణం చెప్పే పంతులు యింటికొచ్చి చేసిన పని యిది. అదే విద్య చిన్నోడికీ నేర్పించాను.

కరోనాతో 2020లో హోటలు మూతపడింది. వాడి వుద్యోగం పోయింది. 2021లో పెళ్ళిళ్ళకి వంటలు చేసే వొక క్యాటరింగు ఆయన దగ్గర చేరాడు. అక్కడ శాకాహారం వంట. మొదట వూరుకున్నాడు. వూరుకుంటే వాళ్ళే వొక కులం అనుకున్నారు. అనుకున్నాక యింటిపేరు అడిగారు. యింటిపేరు మార్చి చెప్పాడు. యింటిపేరు మార్చినాక వూరు మార్చాలి. వూరు మార్చినాక చుట్టాల్ని మార్చాలి. అబద్ధం వొక్కటిగా వుండదు, సంసారం పెడుతుంది. వొకరోజు వాళ్ళమ్మ రొయ్యల పొడి, పచ్చళ్ళు మూట కట్టుకుని చెప్పకుండా వాడి గది కాడికి వచ్చింది. తోటి పనివాళ్ళు "యెవరురా?" అన్నారు. వాడు "మా వూరామె" అన్నాడు.

ఆమె విన్నది. యేమీ అనలేదు. మూట అక్కడ పెట్టి బస్సెక్కింది.

తర్వాత బయటపడిన సంగతి చెబుతాను. 2023లో వొక పెద్ద పెళ్ళి. గుత్తొంకాయ కూర చిన్నోడు చేశాడు. భోజనాలు అయినాక పెళ్ళికూతురి బంధువొకాయన వంటల దగ్గరికి వచ్చి "వంకాయ చేసిందెవరయ్యా, రెండోసారి వేయించుకుని తిన్నాను" అన్నాడు. చిన్నోణ్ణి ముందుకు తోశారు. ఆయన మా పక్క వూరి మోతుబరి. తేరిపార చూసి, "నువ్వు మాదిగపల్లెలో ఫలానావాడి కొడుకువి గదంట్రా" అన్నాడు. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. పంపు దగ్గరికి పోయి నోరు పుక్కిలించుకున్నాడు. సాయంత్రానికి క్యాటరింగు ఆయన లెక్క కట్టి డబ్బులు చేతిలో పెట్టాడు. "నాకేం పట్టింపు లేదు తమ్ముడూ. వ్యాపారం. జనానికి పట్టింపు" అన్నాడు.

నాకు యిల్లు యివ్వని ముగ్గురూ యిదే మాట అన్నారు. "మాకేం పట్టింపు లేదు, మా అమ్మకి పట్టింపు", "పక్కింటోళ్ళకి పట్టింపు". పట్టింపు వున్న మనిషి యెక్కడా దొరకడు. అందరూ యింకొకరి తరఫున పాటిస్తారు. దొంగ దొరకని దొంగతనం యిది.

మిత్రులారా, యిక్కడ ఆగి ఆలోచించాల్సింది వుంది. చదువు చెప్పేవాణ్ణి కాబట్టి నాకొక నమ్మకం వుండేది. అంటరానితనం వొక తెలివితక్కువతనం, తప్పని రుజువు చేస్తే పోతుందని. ఆ పెళ్ళిలో అంతకన్నా పెద్ద రుజువు యేం కావాలి? ఆయన మాదిగ చేతి వంట రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. కడుపు నొప్పి రాలేదు. పిడుగు పడలేదు. మెచ్చుకున్నాడు కూడా. సిద్ధాంతం ఆయన కడుపులోనే వోడిపోయింది. అయినా వోడినవాడు నోరు కడుక్కుని యింటికి పోయాడు, గెలిచినవాడి వుద్యోగం పోయింది. అంటే యిది తెలియక చేసే తప్పు కాదు. తెలిసి నిలబెట్టుకుంటున్న యేర్పాటు. రుజువులు తప్పుని దిద్దుతాయి గానీ యేర్పాటుని కూల్చవు.

పనితనం కూడా వొక్కటే కూల్చలేదు. మన దళిత పాంథర్లు 1972లో అమెరికా నల్లవాళ్ళ ఉద్యమం నుంచి పేరు తెచ్చుకున్నారు కాబట్టి అక్కడి సంగతి వొకటి చెబుతాను. స్వాతంత్ర్య ప్రకటన రాసిన జెఫర్సన్ 1784లో పారిస్ పోతూ జేమ్స్ హెమింగ్స్ అనే తన బానిస కుర్రాణ్ణి వెంట తీసుకుపోయి ఫ్రెంచి వంట నేర్పించాడు. ఆ దేశంలో ఫ్రెంచి వంట అంతటి విద్యగా నేర్చిన మొదటివాళ్ళలో ఆయనొకడు. తర్వాత స్వేచ్ఛ అడిగితే జెఫర్సన్ 1793లో కాగితం రాసిచ్చాడు, నీ విద్య యింకొకడికి నేర్పి పో అని. హెమింగ్స్ తన తమ్ముడికే నేర్పాడు. తమ్ముణ్ణి ఆ పొయ్యి దగ్గర వొదిలి 1796లో విడుదలయ్యాడు. 1801లో ప్రాణం తీసుకున్నాడు. అక్కడ నల్లచెయ్యి వండితే తిన్నారు, పక్కన కూర్చోనివ్వలేదు. యిక్కడ మా చేతిని పొయ్యి దగ్గరికే రానివ్వలేదు. దారులు వేరు. కానీ రెండు చోట్లా నేర్పు మెచ్చుకున్నవాళ్ళు నేర్పరిని మనిషిగా వొప్పుకోలేదు. "బాగా పని నేర్చుకోరా, కులం అదే పోతుంది" అని పిల్లలకి చెప్పే పంతుళ్ళలో నేనూ వొకణ్ణి. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పని నేర్చుకోవాలి, తిండికోసం, ఆనందం కోసం. కులం పోవడానికి వేరే పని వుంది.

యిప్పుడు చిన్నోడి ప్రశ్న. అది అబద్ధమా?

మా జిల్లాలో హరిశ్చంద్ర నాటకం తెలియనివాళ్ళు లేరు. కాటి సీను దగ్గరికి వచ్చేసరికి జనం వన్స్‌మోర్లు కొడతారు. ఆ సీన్లో పాడే పద్యాల్లో కొన్ని వినుకొండలో పుట్టిన మన జాషువావి. అంటరానివాడు రాసిన పద్యాన్ని చెవులారా విని కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళలో జాషువాని పంక్తిలో కూర్చోబెట్టుకుని అన్నం తినేవాళ్ళు యెంతమంది? ఆ నాటకం చూసి పెరిగినవాళ్ళం గనక సత్యం కోసం అన్నీ వొదులుకోవాలని మాకూ నూరిపోశారు. కానీ హరిశ్చంద్రుడు వొదులుకోవడానికి ముందు ఆయనకి రాజ్యం వుంది. మాకు యేముంది వొదులుకోవడానికి?

నిజం అడిగే హక్కు అందరికీ వుండదు. "కూరలో వుప్పెంత వేశావు" అని అడిగే హక్కు తినేవాడికి వుంది. "చేతులు కడుక్కున్నావా" అనడిగే హక్కు వుంది. "నీదే కులం" అనడిగే హక్కు లేదు. ఆ ప్రశ్న తెలుసుకోవడానికి వేసేది కాదు, తీసెయ్యడానికి వేసేది. కత్తి పట్టుకుని వచ్చినవాడు మనిషెక్కడ దాక్కున్నాడని అడిగితే చెప్పకపోవడం అబద్ధం కాదు. కాబట్టి క్యాటరింగు ఆయనకి చిన్నోడు బాకీ లేడు. నేను నా యింటి ఓనరుకి బాకీ లేను. యిది నేను గట్టిగానే చెబుతాను. నేరం ప్రశ్నది, మౌనానిది కాదు.

అయితే అంతటితో తీరిపోయిందా? తీరలేదు. "మా వూరామె" అన్న మాట వుంది. ఆ మాట క్యాటరింగు ఆయనకి తగల్లేదు, తల్లికి తగిలింది. నా అబద్ధం యింటి ఓనరుకి తగల్లేదు, పెట్టె అడుగున చీరల కింద వున్న ఫోటోకి తగిలింది. మా తర్వాత ఆ యిల్లు అడగబోయే నా కులం పిల్లాడికి తగిలింది. నేను చెప్పి వుంటే వాళ్ళు కాదనేవాళ్ళు. చెప్పకపోవడం వల్ల ఆ కాదనడం చెక్కుచెదరకుండా నిలిచింది. నా ఆలోచన యిక్కడికి చేరింది. అబద్ధాన్ని తూచాల్సింది యెవరితో ఆడామన్న దానిమీద కాదు, దాని ఖర్చు యెవరు భరించారన్న దానిమీద. మేము దాచుకున్న ప్రతిసారీ ఖర్చు మాలో అందరికన్నా బలహీనులే భరించారు. చాలావరకు మా తల్లులే భరించారు.

అందుకని నేను దాచుకున్నవాళ్ళని నిందించను. అన్నం కోసం దాచుకున్నవాణ్ణి నిందించే అర్హత నిండా తిన్నవాడికి లేదు. నా తప్పు వేరే వుంది. నా భయాన్ని తెలివి అని పేరు పెట్టి ఆ పిల్లాడి నెత్తిన పెట్టాను. దాచుకోవాలో చెప్పుకోవాలో యెవరికి వాళ్ళు తేల్చుకోవాలి. పంతులు చెప్పాల్సిన పాఠం కాదది.

యింకొకటి వొప్పుకోవాలి. మా స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే అక్క మా కులం మనిషే. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న బడిలో వండిన అన్నం పెట్టాలని చెప్పింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు వంటమనుషుల నియామకంలో దళితులకు ప్రాధాన్యం యివ్వాలని చెప్పింది. 2009లో కేంద్రం నెలకి 1000 రూపాయలు గౌరవ వేతనం అంది, అదీ యేడాదికి పది నెలలకే. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో యీ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆ తల్లి ఆకలిగొన్నవాళ్ళకి అన్నం పెట్టింది, గౌరవిస్తాను. కానీ రోజూ పొగలో కూచుని వండే యీ తల్లుల పేర్లు యెవరికీ తెలియవు. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో వొక బడి పిల్లలు దళిత వంటమనిషి వండింది తినమన్నారు. ఆమెని తీసేశారు, గొడవ అయినాక మళ్ళీ పెట్టారు. మా దగ్గర అంత గొడవ లేదు. మా దగ్గర మర్యాద యెక్కువ. నలుగురైదుగురు పిల్లలకి రోజూ కడుపు నొప్పి. యింటినుంచి క్యారేజీ వస్తుంది. గుడ్డు మాత్రం వరసలో నిలబడి తీసుకుంటారు. గుడ్డుకి పెంకు వుంది గదా, అంటు లోపలికి పోదన్నమాట. చిక్కీకి కాగితం వుంది. పెంకూ కాగితమూ లేనిది అన్నానికే.

అప్పటిదాకా నేను కూడా యింటినుంచి క్యారేజీ తెచ్చుకునేవాణ్ణి. అల్సరని చెప్పేవాణ్ణి. నాకు అల్సరు లేదు. ఆ అక్క వంట ముందు కూచుంటే నన్ను కూడా ఆమెతో కలిపి చూస్తారని భయం. యింటి ఓనరు ముందు ఆడిన అబద్ధం నా క్యారేజీలో రోజూ నాతో స్కూలుకి వచ్చింది.

చిన్నోడు తినకుండా వెళ్ళిపోయిన మర్నాడు నేను కంచం తీసుకుని పిల్లల వరసలో కూచున్నాను. అక్క చేయి ఆగిపోయింది. "మీరా సారూ?" అంది. "ఆకలేస్తుందక్కా, పెట్టు" అన్నాను. ఆ వారమే పదిహేడో అధికరణం పాఠం వచ్చింది. నా కులం యేదో, మా అమ్మ యెవరిళ్ళల్లో అంట్లు తోమిందో క్లాసులో చెప్పాను. పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు. వెనక బెంచీ అమ్మాయి వొకతె లేచి, "సార్, మాదీ అదే" అంది. అంతే జరిగింది. కడుపు నొప్పి పిల్లల్లో యిద్దరు తింటున్నారు. మిగతావాళ్ళకి యింకా నొప్పే. స్టాఫ్ రూములో నాతో మాటలు కొంచెం తగ్గాయి. యిది విజయమని చెప్పను.

చిన్నోడు యిప్పుడు వాళ్ళమ్మతో కలిసి బస్టాండు దగ్గర కర్రీ పాయింటు పెట్టుకున్నాడు. బోర్డు రాయించేటప్పుడు నన్ను అడిగాడు, "యేం రాయించమంటారు సార్?" అని. యీసారి నేను నోరు మూసుకున్నాను. "నీ యిష్టంరా" అన్నాను. వాడు వాళ్ళమ్మ పేరు యింటిపేరుతో సహా రాయించాడు. చదివి పక్క కొట్టుకి పోయేవాళ్ళు వున్నారు. చదివి వచ్చేవాళ్ళూ వున్నారు. ఆదివారం బొక్కల చారు పెడతారు. మధ్యాహ్నానికే అయిపోతుంది.

మొన్న మా అమ్మని తీసుకుపోయాను. వాళ్ళమ్మ పీట వేసి వడ్డించింది. అమ్మ వొక గుక్క తాగి, "తెట్టు బాగా తీశారే" అంది. చిన్నోడు నా పక్కకి వచ్చి కూచున్నాడు. ఆ రాత్రి ప్రశ్నకి యిప్పుడు సమాధానం చెప్పాను. "క్యాటరింగాయనతో నువ్వు ఆడింది అబద్ధం కాదురా. మీ అమ్మ విషయంలో ఆడింది అబద్ధం. అందులో సగం నాది" అన్నాను.

వాడు వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆమె యెవరికో పొట్లం కడుతూ వుంది. "తెలుసు సార్" అన్నాడు. "ముందు అన్నం తినండి."

తిన్నాను.